చిన్న రంపం, వెడల్పు పలక

బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయ తృతీయపాదంలో వడ్రంగిని దృష్టాంతంగా గ్రహించిన సూత్రం ఒకటి ఉన్నది. 40వ సూత్రమైన దానికి తక్షాధికరణమని వ్యవహారం. తక్షుడనగా వడ్రంగి. జీవునికి కర్తృత్వం స్వభావసిద్ధమా, లేక ఉపాధి వలన వచ్చినదా అన్నది అక్కడి విచారం. శ్రీశంకర భగవత్పాదులు తమ భాష్యంలో ఈ దృష్టాంతాన్ని విప్పిచెప్పిన తీరు అతి సుబోధం. బాడిస మొదలైన పనిముట్లు చేత ధరించినంత కాలం వడ్రంగి కర్త, శ్రమకు లోనైనవాడు, దుఃఖి. ఇల్లు చేరి పనిముట్లను విడిచిన పిమ్మట ఆ మనిషే స్వస్థుడు, నిర్వ్యాపారుడు, సుఖి. ఆత్మకు కర్తృత్వం కూడ అదే విధంగా మనస్సు మొదలైన కరణాల అపేక్షతో కలిగినదే గాని స్వతస్సిద్ధం కాదని సిద్ధాంతం.

ఈ అధికరణాన్ని పాఠంలో విన్న నాటికి నాకు వడ్రంగం తెలియదు. ఉద్యోగ విరమణానంతరం దానిని అభ్యసించి, మేడమీది గదిలో ఒక చిన్న బల్లరంపాన్ని నెలకొల్పుకొన్న తరువాత అదే భాష్యభాగం వేరొక ప్రశ్నను లేవనెత్తింది. పనిముట్టును విడిచినవాడు సుఖి అన్నది నిస్సందేహం. కాని ఎప్పుడు విడవాలి? పని నడుమ విడిచినవాడు సుఖి కాలేడు సరికదా, ప్రమాదాన్ని కొనితెచ్చుకొంటాడు. తిరుగుతున్న రంపం ముందు నిలిచిన ఎవరికైనా ఇది తెలిసిన విషయమే. సాధనలో ఇది అంత స్పష్టంగా తెలుస్తున్నదా అన్నది నాకు ఇటీవల ఎదురైన విచారం. దానికి నిమిత్తం మా తల్లిగారి పూజ.

మా తల్లిగారికి 82 సంవత్సరాలు. కాపురానికి వచ్చిన నాటి నుండి ఆమె నేలపై పీట వేసుకొని నిత్యపూజ చేస్తున్నారు. గత గ్రీష్మంలో మోకాళ్ల అరుగుదల అధికమై నేలపై కూర్చుండుట, లేచుట రెండూ దుస్సాధ్యమయ్యాయి. వైద్యులు ఇక నేలపై కూర్చోవద్దని నిర్దేశించారు. దైవం ముందు కుర్చీలో కూర్చోవడం అపచారమని ఆమెకు గట్టి నమ్మకం. ఫలితంగా పూజ ఆగిపోయింది. దీపం మా ఇంట మరొకరు వెలిగించేవారు. ఆమె గది గుమ్మం వద్ద నిలబడి నమస్కరించి వెనుదిరిగేవారు.

నాతో పాటు వేదాంతపాఠం వినే సహాధ్యాయి ఒకరు ఈ సంగతి విని, "అమ్మగారికి ఈ వయస్సులో ఇక బాహ్యపూజ దేనికండీ? మానసపూజకు మళ్లించండి. అదే ఉత్తమం కదా" అన్నారు. ఆ మాటలో శాస్త్రవిరోధం ఏమీ లేదు. బాహ్యార్చన కంటె జపం, జపం కంటె ధ్యానం ఉత్తమమన్న తారతమ్యం సంప్రదాయంలో ఉన్నదే. ఆ మాటను నేను తల్లిగారితో మెల్లగా ప్రస్తావించాను. ఆమె కొంతసేపు ఆలోచించి, "మనసులో చేస్తుంటే ఎక్కడ ఉన్నానో తప్పిపోతున్నాను నాయనా. చేతిలో పువ్వు ఉంటే నామం దానంతట అది వస్తుంది" అన్నారు.

ఆ మాట విన్న మీదట కుర్చీలో కూర్చున్నవారికి అందే ఎత్తులో ఒక పూజామందిరం నిర్మించడం నా కర్తవ్యమని తోచింది. పీఠం ఎత్తు 28 అంగుళాలు, నిడివి 30 అంగుళాలు, లోతు 20 అంగుళాలు అని లెక్క వేసుకొన్నాను. అపచారశంక మిగిలింది. ఉపాసన విషయమై బ్రహ్మసూత్రాల చతుర్థాధ్యాయ ప్రథమపాదం చేసిన విచారాన్ని ఆమెకు వివరించాను. ఉపాసకుడు కూర్చుండి ఉపాసించాలని అక్కడ నిర్ణయం. స్థలాదుల విషయంలో మాత్రం చిత్తైకాగ్రత ఎక్కడ కుదిరితే అదే తగినదని నిర్ణయం. పతంజలి మహర్షి కూడ ఆసనానికి చెప్పిన లక్షణాలు స్థిరత్వం, సుఖం, ఈ రెండే. అంతా విని ఆమె, "సరేలే, పీట ఎత్తు పెరిగిందనుకుంటాను" అన్నారు.

పీఠానికి కావలసిన చెక్క ఇంటిలోనే ఉన్నది. మా నాయనమ్మగారి భోషాణం అడుగుభాగమంతా ఏనాడో చెదలపాలయింది. మూత మాత్రం చెక్కు చెదరలేదు. 54 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం గల ఏకఖండమైన టేకు పలక అది. అంతటి వెడల్పు గల ఏకఖండాన్ని నేటి కలప అడితీలలో వెదకి సాధించడం సులభం కాదు. పొడవాటి అంచులు రెండూ అరిగి, ఒరిసి వంకర తిరిగి ఉన్నాయి. దానిని పెద్ద రంపపు మిల్లులో కోయించవచ్చునని తొలుత భావించాను. పాత కలపలో మేకులు దాగి ఉంటాయన్న భయంతో మిల్లువారు నిరాకరించారు. వారి భయం సహేతుకం. రంపపు పంటికి మేకు తగిలితే పన్ను విరిగి ఎగురుతుంది. నేను అయస్కాంతంతో పలక నలువైపులా గాలించి, చేతితో చేసిన పాతకాలపు ఇనుప మేకులు నాలుగింటిని వెలికి తీశాను. ఇక మిగిలిన ఉపాయం నా చిన్న బల్లరంపమే.

బల్లరంపం తెలియని పాఠకుల కోసం దాని స్వరూపం కొంత చెప్పవలసి ఉన్నది. వడ్రంగులు దీనిని టేబుల్ సా అంటారు. లోహపు బల్ల నడుమ ఒక సన్నని చీలిక, దాని గుండా పైకి వచ్చి తిరిగే రంపపు చక్రం, చక్రానికి సమాంతరంగా జరుపుకొనే ఫెన్స్ అనే ఆనుపట్టీ: ఇవి దాని ముఖ్యాంగాలు. ఇక్కడ రంపం కదలదు, చెక్కను ముందుకు నెట్టాలి. నా రంపపు చక్రం వ్యాసం 10 అంగుళాలు. అది నిమిషానికి 4000 సార్లకు పైగా తిరుగుతుంది. అంటే పంటికొన వేగం గంటకు 190 కిలోమీటర్లకు తక్కువ ఉండదు. మనకు ఎదురుగా ఉన్న పళ్లు క్రిందికి దిగుతూ చెక్కను బల్లకు అదిమిపెడతాయి. ఆవలివైపు పళ్లు పైకి లేస్తుంటాయి. కోత నడుస్తుండగా చెక్క ఏమాత్రం పక్కకు మెలి తిరిగినా ఆ లేచే పళ్లు దానిని పట్టుకొని, పైకెత్తి, నిలబడిన మనిషి మీదికి విసరివేస్తాయి. వడ్రంగులు కిక్‌బ్యాక్ అని భయపడేది దీనికే. దీనిని నివారించడానికి చక్రం వెనుక రైవింగ్ నైఫ్ అనే పలుచని ఉక్కు రెక్క ఉంటుంది. అది కోత సందులో నిలిచి, కోయబడిన రెండు భాగాలు మళ్లీ దగ్గరై చక్రాన్ని నొక్కకుండ కాపాడుతుంది. ఆ రెక్కను, చక్రం మీది కప్పును తొలగించి పని చేయడం ఆత్మహత్యాసదృశం.

చిన్న బల్లరంపంతో వచ్చే చిక్కు బల్ల విస్తీర్ణం. నా బల్ల మీద చక్రానికి ఎడమవైపు 11 అంగుళాల స్థలం ఉన్నది. చక్రానికి ముందు 9 అంగుళాలే. కుడివైపు ఆనుపట్టీని పూర్తిగా జరిపితే 24 అంగుళాలు వస్తుంది. 16 కిలోల బరువు, 22 అంగుళాల వెడల్పు గల పలకను ఈ బల్ల మీద పెడితే పలకలో అధికభాగం గాలిలో ఉంటుంది. ఒకవైపు బరువు పెరిగిన పలక వాలుతుంది. వాలిన పలక మెలి తిరుగుతుంది. యంత్రానికి శక్తి చాలక వచ్చిన కష్టం ఇది కాదు. అంగుళంపావు టేకును అది అనాయాసంగా కోయగలదు. ఆధారం చాలదు, అంతే. మన అంతఃకరణాన్ని గురించి ఆలోచించినప్పుడు కూడ నాకు ఈ భేదం ముఖ్యమనిపిస్తుంది. దానికి పదును లేక కాదు, పెద్ద వస్తువును నిలకడగా మోయగల విస్తీర్ణం లేక అది తొట్రుపడుతుంది.

మందిరం పక్కగోడలకు ప్లైవుడ్ తెచ్చాను. ఆ రేకు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 30 కిలోలకు పైబడిన బరువు. దానిని నా బల్ల మీదికి ఎక్కించే ప్రసక్తే లేదు. అటువంటి చోట వడ్రంగుల పద్ధతి వేరు. పెద్దదానిని నేలపై నిశ్చలంగా పడుకోబెట్టి, చిన్నదైన చేతిరంపాన్ని దాని మీద నడుపుతారు. నేను రేకు క్రింద నాలుగు వాసాలు పరచి, పైన ఒక తిన్నని అల్యూమినియం బద్దను క్లాంపులతో బిగించి, దాని వెంబడి చేతి చక్రరంపంతో కోశాను. ఈ మొదటి కోత తుదికొలత ప్రకారం ఉండదు. అర అంగుళం అధికంగా వదలి కోస్తారు. చేతికి ఇమిడే ముక్కలైన పిమ్మట వాటిని బల్లరంపం మీద సరియైన కొలతకు తెస్తారు. అప్పుడు ఆ మొదటి అంచు పొట్టుగా, పేళికగా రాలిపోతుంది.

ఈ పని చేస్తున్నప్పుడు స్థూలారుంధతీ న్యాయం స్మరణకు వచ్చింది. వివాహవేళ వధూవరులకు సప్తర్షిమండలంలో అరుంధతిని చూపించేవారు, సూక్ష్మమైన ఆ తారకను తిన్నగా చూపలేక, సమీపంలోని పెద్ద నక్షత్రాన్ని ముందు చూపి అదే అరుంధతి అంటారు. దృష్టి అక్కడ నిలిచిన తరువాత, అది కాదు, దాని పక్కనున్నదని సవరిస్తారు. సూత్రభాష్యంలో ప్రథమాధ్యాయంలోనే ఈ దృష్టాంతం వస్తుంది. అర అంగుళం వదలిన మొదటి కోత కూడ అటువంటి స్థూలతారక. అది అసత్యమని ముందే తెలిసి కోసిన కోత. అయినా అది లేకుండ తుదికోత వద్దకు చేరడం నా వంటి చిన్న రంపం గలవానికి సాధ్యం కాదు.

అసలు కష్టం టేకు పలకతో వచ్చింది. దానికి తిన్నని అంచు ఒక్కటైనా లేదు. ఆనుపట్టీ ధర్మం ఒక్కటే: తనను ఆనుకొని నడిచిన అంచు ఎట్లా ఉన్నదో, ఆవలివైపు కోతను అట్లాగే కోయించడం. వంకర అంచును ఆనిస్తే కోత వంకరగా వస్తుంది. అంతకంటె ముఖ్యం, వంకర అంచు ఆనుపట్టీ మీద ఊగుతుంది, ఊగిన పలక చక్రాన్ని ఒరుసుకొంటుంది. ఇక్కడ ఒక అన్యోన్యాశ్రయదోషం కనిపిస్తుంది. తిన్నగా కోయడానికి తిన్నని అంచు కావాలి. తిన్నని అంచు రావడానికి తిన్నగా కోయాలి. శాస్త్రజ్ఞానం కలగడానికి చిత్తశుద్ధి కావాలని, చిత్తశుద్ధి పూర్ణం కావడానికి జ్ఞానమే కావాలని వాపోయే సాధకుని స్థితి వంటిదే ఇది.

వడ్రంగులు దీనికి కనిపెట్టిన పరిహారం సులభమైనది. పలకలో లేని తిన్నదనాన్ని బయటి నుండి అరువు తెచ్చుకొంటారు. నేను రెండు అంగుళాల వెడల్పు గల తిన్నని ప్లైవుడ్ బద్దను ఒకదానిని తీసి, పలక అడుగువైపున, కోయదలచిన గీతకు సరిగా 11 అంగుళాల దూరంలో, దానికి సమాంతరంగా రెండు మరలతో బిగించాను. బల్ల మీది ఆనుపట్టీని పూర్తిగా తీసివేశాను. ఇప్పుడు పలకను బల్లపై ఉంచితే అడుగునున్న బద్ద బల్ల ఎడమ అంచును బయటి నుండి ఆనుకొంటుంది. బద్దను బల్ల అంచుకు అదిమి ఉంచి ముందుకు నడిపితే, పలక అంచు ఎంత వంకరగా ఉన్నా కోత బద్దను అనుసరించి ఋజువుగా వస్తుంది. బల్ల అంచు చక్రానికి సమాంతరంగా ఉన్నదో లేదో ముందుగా చూసుకోవాలి. దానికి చక్రంలో ఒకే పంటిని గుర్తుపెట్టి, దానిని ముందువైపు ఒకసారి, వెనుకవైపు ఒకసారి తిప్పి, బల్ల అంచు నుండి దూరం కొలవాలి. వేర్వేరు పళ్లతో కొలిస్తే చక్రంలోని సొట్ట కూడ లెక్కలో కలుస్తుంది. రెండు కొలతలూ సమానమైతే ఆ అంచును విశ్వసించవచ్చును.

ఆ విధంగా మొదటి అంచు సిద్ధించింది. బద్దను విప్పివేశాను. అటుపై ఈ కొత్త అంచునే ఆనుపట్టీకి ఆనించి, పలక వెడల్పును 20 అంగుళాలకు తెచ్చాను. అధ్యారోపాపవాదం అనే మాటకు ఇంత ప్రత్యక్షమైన ఉదాహరణ నాకు వేరొకచోట లభించలేదు. నిష్ప్రపంచమైన తత్త్వాన్ని బోధించడానికి దానియందు లేని ధర్మాన్ని ముందు ఆరోపించి, పిమ్మట దానిని తొలగించడం సంప్రదాయవిదుల మార్గమని భగవత్పాదులు గీతాభాష్యంలో, త్రయోదశాధ్యాయంలో స్మరించారు. బద్ద పలకలోని భాగం కాదు. మందిరంలో దానికి చోటు లేదు. అయినా పలక తనకు తానై పొందలేని ఋజుత్వాన్ని బద్ద ఇచ్చింది. ఇచ్చిన తరువాత తొలగింది.

ఇంతవరకు వచ్చినప్పుడు నా సహాధ్యాయి మాట మళ్లీ ఎదుట నిలిచింది. విగ్రహం, పీఠం, పువ్వు, కుంకుమ అన్నీ ఇటువంటి ఆరోపాలే గదా. తొలగించవలసినవే గదా. 82 ఏళ్ల వయస్సులో తొలగించక ఇంకెప్పుడు తొలగిస్తారు? ఈ ప్రశ్నను నేను తేలికగా త్రోసిపుచ్చలేకపోయాను, ఎందుకంటే నేను చదువుకొన్న వేదాంతం ఆయన పక్షాన ఉన్నట్లే కనిపించింది. దానికి సమాధానం తరువాతి కోతలో కొంతవరకు దొరికింది.

తరువాతిది అడ్డకోత. 54 అంగుళాల నిడివిని 30 అంగుళాల వద్ద ఖండించాలి. వెడల్పు పలకకు అడ్డకోత, చిన్న బల్లపై, అన్నింటికంటె అపాయకరమైన పని. నిడివి పక్క ఆనించినప్పుడు ఆనుపట్టీ పలకను నిలకడగా పట్టి ఉంచగలదు. పొట్టి పక్కను ఆనిస్తే పట్టు చాలక, పలక బొంగరంలా తిరిగి చక్రంలో చిక్కుకొంటుంది. అడ్డకోతకు బల్ల మీది గాడిలో జారే కోణపు దిమ్మె ఉంటుంది గాని, చక్రానికి ముందు 9 అంగుళాల స్థలమే ఉన్నచోట 20 అంగుళాల పలకను దాని ముందు పెడితే దిమ్మె బల్ల బయటనే ఉండిపోతుంది. అందుచేత ఇక్కడ కూడ బద్దయే శరణ్యం. మూలమట్టంతో కొత్త అంచుకు లంబంగా గీత గీసి, గీతకు 11 అంగుళాల దూరంలో బద్దను అడుగున మళ్లీ బిగించాను. ఎడమవైపు గాలిలో వ్రేలాడే భాగానికి బల్లతో సమానమైన ఎత్తులో ఒక స్టాండు పెట్టాను. కుడివైపు తెగివచ్చే 24 అంగుళాల ముక్కకు మరొక స్టాండు. పలక ఆవలికి వచ్చినప్పుడు అందుకోవడానికి మా మేనల్లుడు నిలబడ్డాడు.

ఆవలివైపు నిలిచేవానికి ఒక కఠిన నియమం ఉన్నది. అతడు పలకను తనవైపు లాగరాదు. పైకెత్తరాదు. అరచేతులను పలక క్రింద ఉంచి, బల్లకు సమానమైన ఎత్తులో బరువును మోయాలి, అంతే. వేగం, దిశ రెండూ నెట్టేవాని అధీనం. సహాయం చేయాలన్న తొందరలో లాగినవాడు పలకను పక్కకు తిప్పుతాడు. సదుద్దేశంతో లాగినా కిక్‌బ్యాక్ రాక మానదు. మా మేనల్లునికి యంత్రం నడపక ముందే ఈ సంగతి మూడు పర్యాయాలు చెప్పించుకొన్నాను.

యంత్రం నడుస్తున్నది. పలక సగం వరకు కోత పడింది. ఆ దశలో పలక స్థితిని కొంచెం ఊహించండి. 20 అంగుళాలలో 10 అంగుళాలు తెగి ఉన్నాయి, 10 అంగుళాలు తెగవలసి ఉన్నాయి. చక్రం వెనుకభాగం కోత సందులో పూర్తిగా దిగి ఉన్నది. అడుగునున్న బద్ద ఒక్కటే పలకను తిన్నగా నడుపుతున్నది. ఈ క్షణాన ఎవరైనా, "ఈ బద్ద పలకలోని భాగం కాదు, మిథ్య, దీనిని తీసివేద్దాం" అంటే? మాట సత్యమే. బద్ద పలకలోని భాగం కాదు. అయితే ఆ సత్యాన్ని ఆ క్షణాన అమలు చేస్తే పలక మెలి తిరిగి మనిషి పొత్తికడుపును తాకుతుంది. బద్ద ఆగంతుకమన్న సంగతి కోత మొదలు కాక ముందూ తెలుసు, ముగిసిన తరువాతా తెలుసు. దానిని తొలగించే వేళ మాత్రం కోత ముగిసిన తరువాతనే. అపవాదం సిద్ధాంతం మాత్రమే అయితే ఏ వేళనైనా పలుకవచ్చును. అది సాధనలో భాగమైనప్పుడు దానికి ఒక సమయం ఉన్నది. ఆ సమయం వయస్సును బట్టి రాదు, కోతను బట్టి వస్తుంది.

మా తల్లిగారి చేతిలోని పువ్వు ఆమె నామానికి బద్ద. పువ్వు లేకపోతే ఎక్కడ ఉన్నానో తప్పిపోతున్నానని ఆమె తానే చెప్పారు. అది కోత నడుమ ఉన్న పలక చెప్పే మాట. ఆమె కోత ఎంతవరకు వచ్చినదో చూడగల కన్ను నాకు లేదు, నా సహాధ్యాయికీ లేదు. నాకు తెలిసినదల్లా నేను నిలిచిన స్థానం. నేను ఆవలివైపు నిలిచినవాడిని. లాగరాదు, ఎత్తరాదు, ఎత్తు తగ్గకుండ మోయాలి. 28 అంగుళాల ఎత్తున పీఠం నిలపడం అంటే నాకు అర్థమైనది అదే.

పలక రెండుగా విడిపోయి కుడిముక్క స్టాండు మీదికి ఒరిగింది. చక్రం పూర్తిగా నిలిచేవరకు కదలకుండ ఆగి, ఆ తరువాత ప్లగ్గు తీసి, బద్దను విప్పాను.

పీఠాన్ని కాళ్ల చట్రానికి బిగించడంలో మరొక జాగ్రత్త అవసరమయింది. చెక్క ప్రాణం పోయిన తరువాత కూడ గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. టేకు ఈ విషయంలో ఎంతో నిలకడైన కలప. అయినా పచ్చిదశ నుండి పూర్తిగా ఎండేలోగా వార్షిక వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం కుదించుకొంటుంది. నిడివిలో మార్పు గణనీయంగా ఉండదు. ఎంత పాత పలక అయినా ఋతువును బట్టి వెడల్పులో కొంత కదులుతూనే ఉంటుంది. 20 అంగుళాల వెడల్పు గల ఏకఖండాన్ని కదలనీయకుండ మరలతో బంధిస్తే ఏదో ఒక వేసవిలో నడుమ చీలిపోతుంది. అందుచేత చట్రంలో గుండ్రని రంధ్రాలకు బదులు వెడల్పు దిశలో సాగిన పొడుగాటి గాళ్లు చేసి మరలు బిగించాను. పలక కదిలితే మర గాడిలో జరుగుతుంది.

కార్తిక శుద్ధ పాడ్యమి నాడు మందిరంలో విగ్రహాలు కొలువుతీరాయి. తల్లిగారు కుర్చీలో కూర్చుండి పీఠం అంచును కొంగుతో ఒకసారి తుడిచారు. "ఇది అత్తయ్యగారి భోషాణం మూతే కదూ" అన్నారు. అవునన్నాను. "ఎక్కడ కోశావో తెలియడం లేదు" అన్నారు. ఆనాటి పూజ గంటన్నర సాగింది. ఆ తరువాత ఒక్కనాడూ ఆగలేదు.

మిగిలిన 24 అంగుళాల ముక్కతో వ్యాసపీఠం చేయదలచాను. మా సహాధ్యాయిని మందిరం చూడడానికి ఆహ్వానించాను. ఆయన పీఠం చుట్టూ పరిశీలించి, క్రిందికి వంగి, అడుగున ఉన్న నాలుగు చిన్న రంధ్రాలను చూసి అవి ఏమిటని అడిగారు. బద్దను రెండు సార్లు బిగించిన మరల గుర్తులని చెప్పాను. వాటిని పూడ్చవచ్చును గదా అన్నారు. పూడ్చవచ్చును. పైనుండి కనిపించవు గనుక ఉండనిచ్చానన్నాను. ఆయన తిరిగి మానసపూజ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తల్లిగారు పెట్టిన ప్రసాదం ఇద్దరం స్వీకరించాం.

తక్షదృష్టాంతాన్ని ఎంతవరకు గ్రహించాలో భగవత్పాదులు ఆ అధికరణంలోనే హద్దు విధించారు. వడ్రంగికి పనిముట్లను పట్టడానికీ విడవడానికీ చేతులు ఉన్నాయి. నిరవయవమైన ఆత్మకు మనస్సు మొదలైన కరణాలను ఆ విధంగా పట్టి విడవడానికి చేతుల వంటి అవయవాలు లేవు. అందుచేత పట్టడం, విడవడం అన్న మాట కూడ ఉపాధి ఉన్నంతవరకే. ఈ హద్దును చదివినప్పుడల్లా నాకు ఊరట కలుగుతుంది. విడిచే వేళను మనం బలవంతంగా నిర్ణయించనక్కర లేదు. కోత ముగిసేవరకు బద్దను బల్ల అంచుకు అదిమి ఉంచి, పలకను సమవేగంతో ముందుకు నడపడం మన వంతు.

రేపు వ్యాసపీఠం పని మొదలుపెట్టాలి. రెండు పలకలు ఒకదానిలో ఒకటి దూరి తెరుచుకొనే ఆ కీలును ఒకే చెక్కలో చెక్కడం నా వంటివానికి కష్టసాధ్యం. ముందు ఆ ముక్కకు తిన్నని అంచు ఒకటి తీయాలి. బద్ద గోడకు తగిలించి ఉన్నది.